గర్భిణి దురద – సాక్ష్యం ఎవరిది? కిక్కిస ప్రకరణం నుంచి కొలెస్టాసిస్ దాకా ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

గర్భిణి పడే బాధలలో కొన్నిటికి తెలుగులో ప్రత్యేకమైన పేర్లున్నాయి. తొలి నెలల వికారానికి వేవిళ్లు అని పేరు. కాళ్ల వాపును నీరు పట్టడం అంటారు. ప్రసవవేదనకు నొప్పులు అనే సామాన్య పదమే రూఢిగా నిలిచింది. నెలలు నిండే వేళ పొట్ట మీద, తొడల మీద, అరచేతుల్లో, అరికాళ్లలో పుట్టే దురదకు మాత్రం వ్యవహారంలో స్థిరపడిన ప్రత్యేక పదం కనిపించదు. పేరు లేనిది సాధారణంగా పట్టింపుకు రాదు. ‘ఈ నెలల్లో మామూలే’ అన్న ఒక్క మాటతో ఆ బాధ ముగిసిపోతుంది.

ఆ దురద అన్ని వేళలా మామూలు కాదు. కొందరిలో అది చర్మం సాగడం వల్ల కలిగే చికాకు మాత్రమే. కొందరిలో దద్దుర్లతో వచ్చి ప్రసవానంతరం తానే అణగిపోతుంది. ఇంకొందరిలో చర్మంపై ఏ మచ్చా లేకుండా వచ్చి, కాలేయంలో తలెత్తిన లోపాన్ని తెలియజేస్తుంది. ఈ చివరి స్థితి తీవ్రమైతే గర్భస్థ శిశువు ప్రాణానికే ముప్పు. ఈ భేదాన్ని వైద్యలోకం గ్రహించడానికి చాలా కాలం పట్టింది. జ్వరాన్ని తాకి తెలుసుకోవచ్చు, వాపును చూసి తెలుసుకోవచ్చు. దురదను మాత్రం అనుభవించే మనిషి చెబితేనే తెలుస్తుంది. కాబట్టి గర్భిణి దురద చరిత్ర ఒక రకంగా గర్భిణి మాటకు దక్కిన విలువ చరిత్ర. ఆమె మాటను వైద్యగ్రంథాలు ఎక్కడ నమోదు చేశాయి, ఎక్కడ వదిలేశాయి, దాని ఫలితం ఏమిటి అన్నదాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చరక సంహితలో ఏడో నెల

చరక సంహిత శారీర స్థానంలోని ఎనిమిదో అధ్యాయం జాతిసూత్రీయం. గర్భధారణ మొదలు శిశుపోషణ దాకా ఉన్న విషయాలను ఈ అధ్యాయం వివరిస్తుంది. గర్భిణి నెలనెలా పాటించవలసిన ఆహార విహారాలు చెబుతూ ఏడో నెల దగ్గర సంహితాకారుడు ఒక చర్చను ప్రవేశపెట్టాడు. ఏడో నెలలో గర్భస్థ శిశువుకు వెంట్రుకలు మొలుస్తాయనీ, అందువల్లనే తల్లికి మంట పుడుతుందనీ స్త్రీలు చెప్పుకొంటారని మొదట పేర్కొన్నాడు. ఆ వెంటనే అది నిజం కాదని ఆత్రేయుని నోట చెప్పించాడు. ఆత్రేయుని మతంలో పెరిగిన గర్భం ఒత్తిడి వల్ల వాత పిత్త శ్లేష్మాలు పైకి జరిగి వక్షఃస్థలాన్ని చేరి మంట పుట్టిస్తాయి. దాని వల్ల దురద కలుగుతుంది. ఆ దురదే మూలంగా కిక్కిసం ఏర్పడుతుంది.

ఈ భాగంలో గమనించవలసిన అంశాలు రెండు. మొదటిది, మంట, దురద, కిక్కిసం అనే మూడింటిని గ్రంథం వేరుపరచి వాటి మధ్య కార్యకారణ క్రమాన్ని నిర్దేశించింది. కిక్కిసమంటే చర్మం చీలడమని, పొట్ట, తొడలు, స్తనాల మీద ఏర్పడే రేఖలని వ్యాఖ్యాతలు వివరించారు. నేడు పొట్ట మీది చారలని వ్యవహరించేవి ఇవే. రెండవది, స్త్రీల అభిప్రాయాన్ని ఖండించడానికైనా సరే సంహిత దాన్ని నమోదు చేసింది. పూర్వపక్షంగా నిలిచింది మరో ఋషి మతం కాదు, స్త్రీలలో వాడుకగా ఉన్న మాట.

ఇదే అధ్యాయంలో సూతికాగారం ఏర్పాట్లను చెప్పే సందర్భంలో, బ్రాహ్మణులతో పాటు వృద్ధ స్త్రీలు చెప్పిన ఇతర సామగ్రిని కూడా సమకూర్చుకోవాలని ఉంది. పలుమార్లు ప్రసవించిన స్త్రీలు పురిటి గదిలో ఉండాలనీ ఉంది. అంటే ఆచరణ విషయంలో స్త్రీల అనుభవం ప్రమాణమే. బాధకు కారణమేమిటన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆ ప్రామాణ్యం నిలవలేదు. చేయవలసినది చెప్పే అధికారం స్త్రీలకు, ఎందుకో చెప్పే అధికారం ఆచార్యునికి అన్న విభజన ఈ ఒక్క అధ్యాయంలోనే స్పష్టంగా కనిపిస్తుంది.

ఆత్రేయుడు తోసిపుచ్చిన ఆ నమ్మకం అనేక దేశాల్లో అనేక రూపాల్లో బతికి ఉంది. గర్భిణికి గుండెలో మంట ఎక్కువైతే బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉంటుందన్నది పాశ్చాత్య దేశాల్లోనూ వినిపించే మాట. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 64 మంది గర్భిణులను పరిశీలించి 2006లో ప్రకటించిన అధ్యయనంలో ఛాతీమంట తీవ్రతకూ నవజాత శిశువు జుట్టు ఒత్తుదనానికీ సంబంధం కనబడింది. వెంట్రుకలు మొలవడమే మంటకు కారణమని దీని అర్థం కాదు. రెండింటికీ గర్భకాలపు హార్మోన్లే సమాన హేతువు కావచ్చని పరిశోధకులు భావించారు. అధ్యయనం చిన్నది, అది మంటకు సంబంధించినదే గాని దురదకు సంబంధించినది కాదు. అయినా ఒక విషయం తేటపడుతుంది. స్త్రీలు చెప్పిన కారణం సరికాకపోవచ్చు, వారు గమనించిన సాహచర్యం సరైనదే కావచ్చు. కారణాన్ని నిరాకరించినంత మాత్రాన పరిశీలనను నిరాకరించనక్కర లేదు.

వాగ్భటుని సంక్షేపం

అష్టాంగహృదయం శారీర స్థానం మొదటి అధ్యాయంలో వాగ్భటుడు ఈ విషయాన్నే శ్లోకబద్ధం చేశాడు. గర్భం చేత పీడింపబడిన దోషాలు హృదయాన్ని ఆశ్రయించి గర్భిణికి దురదను, మంటను, కిక్కిసాలను కలిగిస్తాయన్నది అందులోని సారాంశం. సిద్ధాంతం ఆత్రేయునిదే. చికిత్స కూడా చాలావరకు చరకుడు చెప్పిన దారిలోనే సాగుతుంది. అయితే స్త్రీల మాట ఇక్కడ లేదు. వాదం లేదు కాబట్టి పూర్వపక్షం అవసరం కలగలేదు.

ఇది గ్రంథకర్త నిర్లక్ష్యమని అనుకోవలసిన పని లేదు. విస్తృత శాస్త్రాన్ని కంఠస్థం చేయదగిన రూపంలోకి తేవడం అష్టాంగహృదయ లక్ష్యం. సంక్షేపంలో సిద్ధాంతం మిగులుతుంది, సంవాదం జారిపోతుంది. దక్షిణ దేశంలో వైద్యవిద్య అభ్యసించినవారికి అష్టాంగహృదయం ప్రధాన పాఠ్యగ్రంథాలలో ఒకటి కాబట్టి ఈ జారిపోవడానికి ప్రాధాన్యం ఉంది. కిక్కిస ప్రకరణాన్ని ఈ గ్రంథం ద్వారా మాత్రమే నేర్చిన విద్యార్థికి దురద కారణం తెలుస్తుంది, మందు తెలుస్తుంది. ఈ విషయమై స్త్రీలు ఏమనుకొంటారన్న సంగతి ఒకప్పుడు శాస్త్రచర్చకు వచ్చిందని మాత్రం తెలియదు.

ఔషధాల పేర్లు, తెలుగు పాఠం

చరకుడు చెప్పిన చికిత్స లోపలికి, వెలుపలికి అని రెండు విధాలు. లోపలికి, మధురౌషధాలతో పక్వం చేసిన వెన్నను రేగుపండ్ల కషాయంతో పాణితల పరిమాణంలో అప్పుడప్పుడు ఇవ్వాలి. వెలుపలికి, స్తనాలకు పొట్టకు చందనం, తామరతూళ్లు నూరిన ముద్ద పూయాలి. లేదా దిరిసెన, ధాతకి, ఆవాలు, అతిమధురం కలిపిన చూర్ణంతో మర్దించాలి. కొడిసెపాల, అర్జకం గింజలు, తుంగముస్తలు, పసుపు కలిపిన ముద్ద, వేప, రేగు, తులసి, మంజిష్ఠ కలిపిన ముద్ద ప్రత్యామ్నాయాలు. జింక, కుందేలు నెత్తుటితో త్రిఫలాలను కలిపి పూయడమనే విధి కూడా ఉంది. గన్నేరు ఆకులతో కాచిన నూనెతో అభ్యంగనం, జాజి, అతిమధురం వేసి కాచిన నీటితో పరిషేకం చెప్పబడ్డాయి. ఆహారం మధురంగా, వాతహరంగా, తక్కువ మోతాదులో ఉండాలి; నెయ్యి, నూనెలు, ఉప్పు, భోజనానంతరం తాగే నీరు మితంగా ఉండాలి.

ఈ జాబితాలో తెలుగు ఇంటికి కొత్తవి కానివి ఎన్నో ఉన్నాయి. వేప, పసుపు, తులసి, చందనం, ఆవాలు నిత్యజీవితంలోని వస్తువులే. నూనె అంటి, సున్నిపిండితో నలుగు పెట్టి, వేపాకు వేసి కాచిన నీటితో స్నానం చేయించే అలవాటు ఈ గ్రంథోక్త అభ్యంగ, ఉద్వర్తన, పరిషేకాల వరసకు దగ్గరగా ఉంటుంది. అయితే సంహిత నుంచి ఇంటికి వచ్చిందా, ఇంటి నుంచి సంహితకు వెళ్లిందా అన్న ప్రశ్నకు ఈ సామ్యం ఒక్కటే జవాబు ఇవ్వజాలదు. వృద్ధ స్త్రీల మాటను ప్రమాణంగా అంగీకరించిన అధ్యాయం కనుక రెండో మార్గాన్ని తేలికగా తోసివేయడానికి వీల్లేదు.

పాఠ పరిష్కర్తలు జాగ్రత్త వహించవలసిన స్థానం ఒకటి ఇక్కడ ఉంది. మధుక శబ్దానికి అతిమధురం అర్థం. మధూక శబ్దానికి ఇప్ప అర్థం. తెలుగు లిపిలో ఈ రెండింటి మధ్య ఉన్న తేడా కొమ్ము దీర్ఘం మాత్రమే. లేఖకుని చేతిలో గాని, అచ్చులో గాని ఆ దీర్ఘం చేరినా, జారినా మందు మారిపోతుంది. సాహిత్య గ్రంథంలో ఇటువంటి పాఠభేదం అర్థచర్చకు దారి తీస్తుంది. వైద్యగ్రంథంలో రోగి ఒంటి మీదకు చేరుతుంది.

గన్నేరు విషయం మరింత గంభీరం. గన్నేరు ఆకులో, పువ్వులో, వేరులో గుండె మీద పనిచేసే విషపదార్థాలున్నాయని ఆధునిక విషశాస్త్రం నిర్ధారించింది. తెలుగు ప్రాంతాల్లో గన్నేరు పప్పు ఆత్మహత్యా ప్రసంగాలలో వినిపించే పేరు కూడా. పరిమాణం, పాకవిధానం, పర్యవేక్షణ అన్నిటితో కూడిన శాస్త్రవిధిని ఒక్క వాక్యంగా కుదించి ‘గన్నేరాకు నూనె రాస్తే దురద పోతుంది’ అని వ్యాప్తి చేస్తే అది సంప్రదాయ పరిరక్షణ కాదు, గర్భిణికి హాని. ప్రాచీన యోగాలను చరిత్రగా చదవడం వేరు, చికిత్సగా అనుసరించడం వేరు.

చరకుని విధులలో అన్నిటికన్నా కాలపరీక్షకు నిలిచినది మందు కాదు, ఒక హెచ్చరిక. దురద పుట్టినప్పుడు గోళ్లతో గోకరాదని, గోకితే చర్మం చిట్లి వికారం ఏర్పడుతుందని, భరించలేనప్పుడు అరచేతితో రుద్దడం, మర్దించడం మేలని సంహిత చెప్పింది. గోకుడు దురదను పెంచుతుందన్నది, చిట్లిన చర్మం క్రిములకు దారి అవుతుందన్నది నేటి చర్మవైద్యులూ చెప్పేదే.

తెలుగులో దురద మాటలు

ప్రత్యేక పదం లేకపోయినా సామాన్య పదాలకు తెలుగులో కొదవ లేదు. దురద, నవ, తీట, జిల వంటివి దేశ్యాలు. కండువు, కండూతి సంస్కృతం నుంచి వచ్చినవి. చర్మం మీద కనిపించేవాటికి దద్దురు, పొక్కు, చెమటకాయ, మచ్చ అని వేరు వేరు మాటలున్నాయి. అంటే, అనుభవించేదానికి ఒక పదజాలం, కనిపించేదానికి మరొక పదజాలం తెలుగులో సహజంగానే ఏర్పడి ఉన్నాయి. వైద్యదృష్టితో చూస్తే ఈ విభజన విలువైనది. దద్దుర్లతో కూడిన దురద, దద్దుర్లు లేని దురద అన్న భేదాన్ని చెప్పడానికి భాషలో లోటు లేదు.

లోటు అర్థచ్ఛాయలో ఉంది. ‘నోటి దురద’ అంటే అదుపులేని మాట. ‘చేతి దురద’ అంటే అక్కర లేని పని. ‘తీట’ అన్న మాట చాలా సందర్భాల్లో తిట్టుగానే వినిపిస్తుంది. దురదకు సంబంధించిన లాక్షణిక ప్రయోగాలలో ఎక్కువ భాగం దాన్ని బాధగా కాక బుద్ధిలోపంగా, నిగ్రహలోపంగా చిత్రిస్తాయి. నొప్పికి ఈ గతి పట్టలేదు. నొప్పి ఉన్న మనిషి మీద జాలి కలుగుతుంది. దురద ఉన్న మనిషి చులకన అవుతుంది. నలుగురిలో గోక్కోవడం అమర్యాద కావడం, గర్భిణి దురద పుట్టే తావులు మరుగున ఉంచుకొనే అవయవాలు కావడం ఈ చులకనకు తోడవుతాయి. చెప్పుకోవడానికే సంకోచించే బాధ కాబట్టి సాక్ష్యం మరింత మూగపోతుంది.

అయితే ఇదే భాషలో ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్న సామెత కూడా ఉంది. సంబంధం లేనివారి జోక్యాన్ని ఎత్తిపొడవడం దాని లోకప్రసిద్ధమైన తాత్పర్యం. దాని లోపలి తర్కం మాత్రం దురద ఎవరిదో వారికే తెలుస్తుందన్న అంగీకారం మీద నిలబడి ఉంది. గర్భిణి దురద విషయంలో వైద్యచరిత్ర ఆలస్యంగా నేర్చుకొన్న పాఠం కూడా ఇదే.

స్త్రీ వైద్యులు, ఆసుపత్రులు

పందొమ్మిదో శతాబ్దంలో పాశ్చాత్య ప్రసూతి వైద్యం మద్రాసు రాజధాని ద్వారా తెలుగు ప్రాంతాలకు చేరింది. మద్రాసులో 1844లో ప్రసూతి ఆసుపత్రి ఏర్పడింది. మద్రాసు వైద్య కళాశాల 1875లో స్త్రీలను విద్యార్థినులుగా చేర్చుకొంది. 1883లో గుంటూరుకు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ స్త్రీల కోసం వైద్యసేవ ప్రారంభించగా 1898లో అక్కడ ఆసుపత్రి వెలిసింది. పురుష వైద్యుని ఎదుటకు రాని స్త్రీలకు స్త్రీ వైద్యుల ద్వారా చికిత్స అందించాలన్న ఆశయంతో 1885లో డఫరిన్ నిధి నెలకొల్పబడింది.

ఈ ఘట్టాలను సాధారణంగా స్త్రీవిద్య, సంస్కరణ చరిత్రలో భాగంగా చెబుతారు. దురద వంటి బాధల దృష్ట్యా వీటికి మరో ప్రయోజనం కూడా ఉంది. పురుడు దాచలేనిది, రక్తస్రావం దాచలేనిది, దురద దాచగలిగినది. దాచగలిగిన బాధ బయటికి రావాలంటే వినే మనిషి ఎదుట సంకోచం ఉండరాదు. స్త్రీ వైద్యురాలు గదిలో ఉండడం అందుకు మొదటి మెట్టు.

అదే కాలంలో ఈ వైద్యవిద్యకు పుట్టినిల్లయిన ఐరోపాలో గర్భిణి చర్మవ్యాధులకు పేర్లు పెట్టడం మొదలైంది. నేడు తెలుగు ప్రాంతాల వైద్యులు వాడే వర్గీకరణకు మూలాలు అక్కడే ఉన్నాయి.

కంటికి కనిపించిన వ్యాధులు

గర్భకాలంలో నీటిపొక్కులతో, తీవ్రమైన దురదతో వచ్చే అరుదైన వ్యాధిని 1811లో బ్యూనెల్ వర్ణించాడు. ఇంగ్లండు చర్మవైద్యుడు జాన్ లాస్ మిల్టన్ 1872లో దానికి హెర్పిస్ జెస్టేషనిస్ అని పేరు పెట్టాడు. పాకుతూ వ్యాపించేది అన్న గ్రీకు మూలార్థంతో పెట్టిన పేరు అది. తర్వాతి కాలంలో హెర్పిస్ పదం ఒక వైరస్ కుటుంబానికి రూఢి కావడంతో ఈ పేరు అపార్థానికి తావిచ్చింది. 1973లో ప్రొవోస్ట్, తొమాసీ చేసిన పరిశోధన ఇది శరీర రక్షణ వ్యవస్థకు సంబంధించిన వ్యాధి అని తేల్చే దిశగా ముఖ్యమైన ఆధారాన్ని చూపింది. 1982లో బ్రిటన్‌కు చెందిన హోమ్స్, బ్లాక్ పెంఫిగాయిడ్ జెస్టేషనిస్ అన్న పేరును ప్రతిపాదించారు. సుమారు 50,000 గర్భాలలో ఒకటిగా కనబడే ఈ వ్యాధి తరచుగా నాభి చుట్టూ మొదలవుతుంది.

ఇంతకన్నా ఎంతో సాధారణమైన మరో దద్దురు వ్యాధిని లాలీ, ఆయన సహచరులు ఏడుగురు గర్భిణులలో గమనించి 1979లో ప్రకటించారు. పొట్ట మీది చారలలో మొదలై, నాభిని మాత్రం వదిలి, తొడలకు చేతులకు పాకే ఈ దద్దుర్లను బ్రిటన్ వైద్యులు పాలిమార్ఫిక్ ఎరప్షన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ అన్నారు. తొలిచూలులో, కవల గర్భాలలో, చివరి వారాల్లో ఇది ఎక్కువ. తల్లికి నిద్ర లేకుండా చేస్తుంది గాని బిడ్డకు హాని చేయదు. ప్రసవానంతరం కొద్ది వారాల్లో తగ్గిపోతుంది.

చారలకు, దురదకు ఉన్న సంబంధం ఇక్కడ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. చరకుని క్రమంలో దురద ముందు, చారలు తర్వాత. ఆధునిక వర్ణనలో చారలు ముందు, వాటిలో దద్దుర్లు తర్వాత. ఈ సామ్యాన్ని చూసి కిక్కిసమే ఈ వ్యాధి అని తీర్మానించడం సరికాదు. చరకుడు చెప్పినది ఏడో నెల. ఇది ఎక్కువగా చివరి వారాలది. పైగా సంహితలో దద్దురు వర్ణన లేదు. ప్రాచీన నామాలకు ఆధునిక నామాలను సమీకరణాలుగా పెట్టడం వల్ల రెండు కాలాల పరిశీలనలూ మసకబారతాయి.

2006లో ఆంబ్రోస్ రుడోల్ఫ్, ఆమె సహచరులు 505 మంది రోగుల వివరాలను సమీక్షించి గర్భకాలపు దురద వ్యాధులను నాలుగు తరగతులుగా స్థిరపరచారు. వారిలో దాదాపు సగం మందిది ఎలర్జీ స్వభావం గల చర్మంలో పుట్టే ఎగ్జిమా వంటి దద్దురు. అది ఎక్కువగా ఆరో నెల దాటక ముందే మొదలవుతుంది. మిగతావి పైన చెప్పిన రెండూ, తర్వాత చెప్పబోయే కాలేయ సంబంధమైనదీ.

మచ్చ లేని దురద

పై వ్యాధులన్నీ వైద్యుని కంటికి కనిపించినవి. కనిపించనిదానికి గుర్తింపు వేరే దారిలో వచ్చింది. గర్భంతో వచ్చి ప్రసవంతో పోయి, మరుసటి గర్భంలో తిరగబెట్టే కామెర్లను 1883లో జర్మన్ ప్రసూతి వైద్యుడు ఆల్‌ఫెల్డ్ నమోదు చేశాడు. 1954లో స్వాన్‌బోర్గ్, 1955లో థోర్లింగ్ స్వీడన్‌లో దీని స్వరూపాన్ని వివరంగా నిరూపించారు. పైత్యరసం కాలేయం నుంచి సరిగా ప్రవహించక అందులోని ఆమ్లాలు రక్తంలో పేరుకుపోవడమే ఈ వ్యాధి. ఇంట్రాహెపాటిక్ కొలెస్టాసిస్ ఆఫ్ ప్రెగ్నెన్సీ అని దీనికి పేరు.

ఇక్కడ వైద్యలోకం మొదట పట్టుకొన్నది కంటికి కనిపించే పసుపు రంగును. కామెర్లు మాత్రం కొద్దిమందిలోనే కనిపిస్తాయి. ఎక్కువమందిలో ఉండేది దురద ఒక్కటే: అరచేతుల్లో, అరికాళ్లలో మొదలై, రాత్రివేళ హెచ్చి, గోళ్ల గీతలు తప్ప చర్మంపై మరో గుర్తు లేని దురద. పైత్యామ్లాలు పెరిగినట్లు రక్తపరీక్షలో తేలడానికి కొన్ని వారాల ముందే దురద మొదలు కావచ్చు. అంటే కొందరిలో యంత్రం కన్నా ముందుగా సాక్ష్యం చెప్పేది తల్లే.

ఆ సాక్ష్యం విలువను 1976లో బ్రిటిష్ వైద్య పత్రికలో రీడ్, ఆయన సహచరులు ప్రకటించిన పరిశీలన ఎత్తిచూపింది. తల్లికి చికాకు మాత్రమే అనుకొన్న ఈ వ్యాధి శిశువుకు అపాయకరమన్న సంగతికి అది గట్టి ఆధారమైంది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బృహత్ విశ్లేషణ ఈ అపాయానికి హద్దులు నిర్ణయించింది. పైత్యామ్లాలు లీటరుకు 40 మైక్రోమోల్స్‌కు లోపు ఉన్నప్పుడు మృతశిశు జననం 0.13 శాతం, 100, ఆపైన ఉన్నప్పుడు 3.44 శాతం. దురద ఉన్న ప్రతి గర్భిణీ భయపడనక్కర లేదని, కొందరి విషయంలో ఒక్క రోజు కూడా ఉపేక్షించరాదని ఈ అంకెలు ఏకకాలంలో చెబుతున్నాయి.

ఈ వ్యాధి అన్ని సమూహాలలో సమానం కాదు. చిలీలోని అరౌకేనియన్ మూలవాసి స్త్రీలలో నాలుగో వంతుకు పైగా దీని బారిన పడ్డారని 1978 నాటి అధ్యయనం తెలిపింది. బ్రిటన్‌లో సగటున 0.7 శాతం గర్భాలలో కనిపించే ఈ వ్యాధి భారత, పాకిస్తాన్ మూలాలున్న స్త్రీలలో 1.2 నుంచి 1.5 శాతం దాకా ఉంది. కాబట్టి ఇది తెలుగు కుటుంబాలకు దూరపు విషయం కాదు. బ్రిటన్‌లో ఈ వ్యాధిని అనుభవించిన స్త్రీలు సంస్థగా ఏర్పడి పరిశోధనలో పాలుపంచుకొన్నారు. పూర్వపక్షంగా మొదలైన స్త్రీల మాట అక్కడ పరిశోధనలో భాగస్వామ్యం దాకా వచ్చింది.

అనువాదంలోని ప్రమాదం

ఈ జ్ఞానం తెలుగులోకి వచ్చేటప్పుడు రెండు మాటల దగ్గర జాగ్రత్త అవసరం. హెర్పిస్‌కు సర్పి అన్న తెలుగు పేరు వాడుకలో ఉంది. హెర్పిస్ జెస్టేషనిస్‌ను గర్భిణీ సర్పి అని అనువదిస్తే వైరస్ వ్యాధి అన్న భ్రమ కలుగుతుంది. సర్పికి చేసే మంత్రం, పూత వంటి ఉపచారాలు ముందుకు వస్తాయి. మూలభాషలోనే తప్పుదోవ పట్టించి, మారిన పేరును అనువాదంలో బతికించడం తగదు.

రెండోది పైత్యం. శాస్త్రంలో పిత్తం త్రిదోషాలలో ఒకటి. ఆధునిక శరీరశాస్త్రంలో పైత్యరసం కాలేయం స్రవించే ద్రవం. వాడుకలో పైత్యం అంటే తలతిప్పడం, వికారం, కొన్నిచోట్ల తిక్క. ‘పైత్యం వల్ల దురద’ అని విన్న గర్భిణి నిమ్మరసం తాగి ఊరుకొనే అవకాశం ఉంది. ‘కాలేయం నుంచి పైత్యరసం సరిగా పారడం లేదు, రక్తపరీక్ష అవసరం’ అన్న పూర్తి వాక్యం చెప్పినప్పుడే అర్థం చేరుతుంది. ఒక్క పదంతో సరిపెట్టే పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఉపశమనం: నేటి పద్ధతి

నేటి వైద్యంలో దద్దుర్ల దురదకు చల్లని నీటి స్నానం, వదులైన నూలు బట్టలు, చర్మాన్ని మెత్తబరచే లేపనాలు మొదటి ఉపాయాలు. అవి చాలనప్పుడు వైద్యుని సలహాతో స్టిరాయిడ్ లేపనాలు, యాంటీహిస్టమిన్ మాత్రలు వాడతారు. పెంఫిగాయిడ్ తీవ్రమైతే నోటి ద్వారా స్టిరాయిడ్లు ఇస్తారు. కొలెస్టాసిస్‌కు చిరకాలంగా ఇస్తున్న అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం శిశువుకు కలిగే అపాయాలను తగ్గించలేదని 605 మంది స్త్రీలతో జరిగిన ప్రయోగం 2019లో తేల్చింది. అందువల్ల మందు కన్నా పర్యవేక్షణ ముఖ్యమైంది. బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కళాశాల 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రసవ సమయాన్ని పైత్యామ్లాల స్థాయిని బట్టి నిర్ణయించాలన్నాయి. 100 దాటినవారికి 35, 36 వారాల మధ్య ప్రసవం చేయించడాన్ని ఆలోచించాలన్నాయి.

ఈ క్రమమంతా ఒక సమాచారం మీద ఆధారపడి ఉంది: గర్భిణి తన దురద ఎక్కడ, ఎప్పుడు, ఎలా ఉందో చెప్పాలి, ఎదుటివారు దాన్ని వినాలి. ఆమె చెప్పకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే స్థాయి తెలియదు. స్థాయి తెలియకపోతే కాపాడవలసిన వేళ దాటిపోతుంది.

ముగింపు

చరక సంహిత స్త్రీల మాటను నమోదు చేసి, దానితో వాదించి, వేరొక సిద్ధాంతాన్ని నిలిపింది. అష్టాంగహృదయంలో సిద్ధాంతం మిగిలి, మాట జారిపోయింది. ఐరోపా వైద్యులు చర్మంపై కనిపించిన వాటికి ఒకదాని తర్వాత ఒకటిగా పేర్లు పెట్టారు. కనిపించని దురద వెనుక ఉన్న అపాయాన్ని ఆలస్యంగా గుర్తించారు. కాలం, సిద్ధాంతం, చికిత్స వేరైనా ఈ ఘట్టాలన్నిటిలో పరీక్షకు నిలిచినది ఒకే ప్రశ్న: దురద పడుతున్న స్త్రీ మాట సాక్ష్యమా, ఫిర్యాదా?

తెలుగు పరిశోధకులు ఈ విషయంలో చేయగల పని చాలా ఉంది. వైద్యగ్రంథాల తెలుగు టీకా తాత్పర్యాలలో కిక్కిసానికి ఇచ్చిన అర్థాలను సేకరించాలి. ఓషధీ నామాల పాఠభేదాలను పరిష్కరించాలి. పెద్ద స్త్రీల నోట గర్భిణి బాధలకు ఉన్న మాండలిక పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేయాలి. అరికాలి దురదకు, పొట్ట దురదకు వేరు వేరు మాటలు ఏ ప్రాంతంలోనైనా ఉన్నాయేమో వెదకాలి. అటువంటి మాట ఒక్కటి దొరికినా నిఘంటువుకు కొత్త ఆరోపం చేరడంతో ఆగదు. తొమ్మిదో నెలలో రాత్రి నిద్ర పట్టని తల్లి తన బాధను ఆసుపత్రిలో స్పష్టంగా చెప్పుకోవడానికి ఉపయోగపడుతుంది.